గవ్వకి పచ్చి తిండి

అశ్విని కార్తె, మొదటి రోజు

సరుకుల పడవ వచ్చింది. బియ్యం, నూనె, మందులు, వలదారం అన్నీ వచ్చాయి. కుక్కల గుళికల బస్తాలు మాత్రం రాలేదు. అవి ఉండాల్సిన చోట ఒక అట్టపెట్టె ఉంది.

పడవలో మనిషి ఉండడు కాబట్టి అడగడానికి దిక్కులేదు. ముందున్న గొట్టంలోంచి ఎప్పటి ఆడగొంతే పలికింది: "కుక్కల ఆహారం తయారీ నిలిపివేయబడింది. మీ మంచెకు రెండు యంత్రనాసికలు పంపబడినవి. ధన్యవాదాలు."

"మరి మా కుక్కలేం తినాలమ్మా?" అన్నాను.

మళ్ళీ ధన్యవాదాలు చెప్పి వెళ్ళిపోయింది.

నా తర్వాత ఈ నాలుగో మంచె మీద కుక్కల కాపు ఎవరికి వస్తుందో తెలీదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. వాళ్ళు వేరే మంచె నుంచి వచ్చినవాళ్ళైతే ఇక్కడి సంగతి తెలియాలి. మా కింద నీళ్ళలో మునిగిన రొయ్యల చెరువులూ వరిమళ్ళూ ఇంకా కుళ్ళుతూనే ఉన్నాయి. గాలి పూర్తిగా ఆగిన రోజున ఆ బురదలోంచి ఆవిరి లేచి నీటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. కింది అరుగు దాకా వస్తుంది, పై అరుగు ఎక్కదు. వలలు బాగుచేసేది, చేపలు ఎండబెట్టేది, బాతుల్ని పెంచేది, పిల్లలు ఆడుకునేది అంతా కింది అరుగు మీదే. ఆవిరి పీల్చిన మనిషికి ముందు కాళ్ళు పనిచేయవు. అందుకని నిచ్చెన ఎక్కలేడు.

కుక్కలకి అది చాలా ముందే తెలుస్తుంది. అవి మొరిగితే నేను గంట కొడతాను, అందరూ పైకి ఎక్కుతారు. నా దగ్గర ముగ్గురున్నారు. పెద్దది గవ్వ, దాని మాటే మిగతా రెండూ వింటాయి. నల్లది మిరియం, వాడికి తిండి తప్ప ధ్యాస లేదు. తెల్లటిది బుడగ.

మంచె పెద్ద ఏడుకొండలు మావయ్య అట్టపెట్టె విప్పి, ఆవిరి వాసన పట్టే ఆ యంత్రాల్ని కింది అరుగు స్తంభాలకి కట్టించాడు. "ఇవి తిండి అడగవే నాంచారీ," అన్నాడు. హేళన చేయాలని కాదు. మావయ్యకి నలభై కొంపల కడుపు చూడాల్సిన బాధ్యత ఉంది.

"ఆవిరి వాటి దాకా వచ్చాక కూస్తాయి మావయ్యా. అప్పటికి మన ముక్కు దాకా కూడా వచ్చినట్టే."

"చూద్దాం. ఉన్న గుళికలు అయ్యేదాకా కుక్కలు ఉండనీ."




అశ్విని కార్తె, మూడో రోజు

పొద్దున్నే రేడియోలో డాక్టర్ షమీమ్ గారు దొరికారు. ఆవిడ గట్టు మీద, మునగని నేల మీద ఉంటారు. మంచెలన్నిటి పశువులకీ ఆవిడే డాక్టరు. ఎప్పుడూ ముఖం చూడలేదు.

"పచ్చి మాంసం, పచ్చి చేప పెట్టు," అన్నారు. "కుక్కలు గుళికలు మరిగింది మొన్న మొన్న. అంతకు ముందు వేటాడి తిన్నవే కదా."

"ఇవి పుట్టి బుద్ధెరిగాక గుళిక తప్ప ఇంకోటి చూడలేదు డాక్టరమ్మా."

"అందుకే తొందరపడకు. గుళికల్లో చిటికెడు కలుపు. కడుపు ఒప్పుకుంటే కాస్త పెంచు. ఒకేసారి పది రకాలు పెట్టావంటే ఏది పడలేదో తెలీదు. ఒక రకంతో మొదలుపెట్టు. చేపల్ని మీ మంచుగదిలో వారం పైన గడ్డకట్టించాకే పెట్టు, పురుగులుంటే చస్తాయి. ఎముక పచ్చిదే ఇవ్వు. ఉడికించిన ఎముక మాత్రం పొరపాటున కూడా వద్దు. పుడకల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. కోసిన కత్తి, పీట, నీ చేతులు బాగా కడుక్కో."

అంతా చెప్పి ఆఖర్న నవ్వారు. "నేను కూడా చదవడమే తప్ప చేయించలేదు. ఇద్దరం కలిసి నేర్చుకుందాం."

నాకు ధైర్యం వచ్చింది. అన్నీ తెలుసన్నవాళ్ళ కన్నా ఆ మాట నమ్మకంగా అనిపించింది.


అశ్విని కార్తె, చివర

మంచె మీద అడక్కుండా దొరికే చేప నెత్తళ్ళు. వేలెడంత చేపలు, వల దులిపితే బుట్టలు నిండుతాయి. మొదట నాలుగు చేపలు నూరి గుళికల్లో కలిపాను.

మిరియం గిన్నెతో సహా మింగేలా తిన్నాడు. మర్నాడు అరుగంతా పాడుచేశాడు. కడుక్కోలేక చచ్చాను. డాక్టరమ్మ చెప్పినట్టు ఒకపూట పస్తుంచి, మళ్ళీ చిటికెడుతో మొదలుపెడితే సర్దుకుంది. బుడగ రెండుసార్లు వాంతి చేసుకుని, మూడోసారి అలవాటు చేసుకుంది.

గవ్వతోనే తంటా. చేప మూతికి తగలగానే తల పక్కకి తిప్పేసింది. గుళికల్ని ఒక్కొక్కటీ ఏరుకు తిని, నూరిన చేపని ముక్కుతో గిన్నె అంచుకి నెట్టింది. మర్నాడూ అంతే. గుళికలు తగ్గించాను కదా, మూడోనాటికి డొక్కలు లోపలికి పోయాయి.

ఆ సాయంత్రం నేనే నేల మీద కూర్చుని చేపని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, అరచేతిలో పెట్టుకుని, దానివైపు చూడకుండా మిరియంతో కబుర్లు చెప్పాను. చాలాసేపటికి చేతికి తడిగా ఏదో తగిలింది. తిప్పి చూడలేదు. అరచెయ్యి ఖాళీ అయ్యాక మాత్రం ఏడుపొచ్చింది.


భరణి కార్తె

గుళికలు అయిపోయాయి. ఇప్పుడు మూడూ పూర్తిగా పచ్చి తిండి మీదే ఉన్నాయి. వెంట్రుకలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పళ్ళ మీద గార పోయింది. ఎత్తిపోయాల్సిన పెంట సగమైంది, అది మాత్రం నాకే లాభం.

డాక్టరమ్మ అడిగితే "చేప తింటున్నాయి, బాగున్నాయి" అన్నాను. ఆవిడ సంతోషించారు. వారానికో రోజు మాంసం, కాస్త కార్జం కూడా పెట్టమన్నారు.

మాంసం అంటే బాతులే. బాతులు మావయ్యవి. పండగకో, చుట్టం వస్తేనో ఒకటి కోస్తారు. లోపలి భాగాలు నీళ్ళలో పారేస్తారు. ఆ పారేసేవి ఇమ్మని అడిగాను.

మావయ్య గుడ్లు బుట్టలో సర్దుతున్నాడు. "నీ మిరియం నా బాతుల దడి ముందు కూర్చుని ఏం చేస్తున్నాడో చూశావా?"

"చూస్తున్నాడు మావయ్యా. అంతే కదా."

"ఇవాళ చూస్తాడు. రుచి తగిలాక చూస్తూ ఊరుకుంటాడా? రేపు పిల్లల మీద పడితేనో? పచ్చి నెత్తురు మరిగిన జంతువుని పసిపిల్లల మధ్య ఉంచడమేమిటని నన్నే అడుగుతున్నారు జనం."

వాదించాను. గిన్నెలో పెట్టింది తిన్నంత మాత్రాన కుక్క తోడేలైపోదన్నాను. వినలేదు. ఇక చేపలతోనే నెట్టుకొద్దాం, బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను.


కృత్తిక కార్తె

గవ్వ మళ్ళీ తిండి మానేసింది. ఈసారి తల తిప్పుకోవడం కాదు. గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, తినాలనే ఉంటుంది, తినదు. ఎండ వల్లేమో అనుకున్నాను.

నిన్న నిచ్చెన పక్కన కుక్కలు పైకెక్కడానికి వేసిన బల్ల ఎక్కబోయి వెనక్కాళ్ళు జారి పడింది. లేచి, తాగినవాడిలా అడ్డంగా నాలుగడుగులు వేసి నా కాళ్ళ మీద ఒరిగిపోయింది. కళ్ళలోకి చూస్తే నల్లగుడ్లు పెద్దవై ఉన్నాయి. బుడగ కూడా మెడ కాస్త వంచి నడుస్తోంది.

రేడియో పలకలేదు. గట్టు మీద గాలివాన వచ్చి తీగలు తెగాయేమో.

ఇవాళ మధ్యాహ్నం సముద్రం అద్దంలా ఉంది. గవ్వ ఉన్నట్టుండి లేచి నిలబడి మొరిగింది. ఆవిరికి మొరిగినట్టే ఆగకుండా ఒకే తీరున మొరిగింది. మిరియం లేచి గాలి పీల్చి, మళ్ళీ పడుకున్నాడు. యంత్రాలు కూయలేదు.

గంట తాడు పట్టుకుని నిలబడ్డాను. ఇది జబ్బు మాటా, ఆవిరి మాటా? కింద మావయ్య భార్య తిరపతమ్మ అత్త మనవరాల్ని ఒళ్ళో వేసుకుని చేపలు తిరగేస్తోంది. ఆ పసిదాన్ని చూశాక ఇక ఆలోచించలేదు. కొట్టాను.

అందరూ ఎక్కారు. ముసలాళ్ళని మోసుకొచ్చారు. పొయ్యి మీద అన్నం మాడిపోయింది, వదిలేసిన వల కొట్టుకుపోయింది. పొద్దు వాలేదాకా పైన కూర్చున్నాం. ఏమీ రాలేదు. సాయంత్రానికి గాలి లేచింది.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. దిగేటప్పుడు ఒక్కొక్కళ్ళూ గవ్వ వైపు చూసి దిగారు. అది ఒక పక్కకి ఒరిగి నిలబడి తోక ఊపుతూనే ఉంది.

మావయ్య అందరూ వెళ్ళేదాకా ఆగాడు. "యంత్రం కూయకుండా ఇకమీదట గంట కొట్టొద్దు నాంచారీ. ఇంకోసారి ఇలా అయితే మూడోసారికి ఎవరూ ఎక్కరు. అప్పుడు నిజంగా వస్తే?"

ఆయన అన్నదాంట్లో తప్పులేదు.


కృత్తిక కార్తె, మర్నాడు

రేడియో పలికింది. చెప్పుకుంటూ పోయాను. తూలడం, తల వంచడం, తిండి మానడం, ఉత్తి గాలికి మొరగడం.

డాక్టరమ్మ మధ్యలో ఆపారు. "ఏ చేప పెడుతున్నావు?"

"నెత్తళ్ళు."

"అప్పుడప్పుడూ వేరేవి?"

"లేదమ్మా. రోజూ అవే. మూడు పూటలా."

ఆవిడ గొంతు మారింది. "నేను అడగాల్సింది. చేప అనగానే ఊరుకున్నాను. నెత్తళ్ళలాంటి చిన్న చేపల్లో పచ్చిగా ఉన్నప్పుడు ఒక గుణం ఉంటుంది. ఒంట్లో ఉన్న బి-వన్ విటమినుని అది నాశనం చేస్తుంది. ఎప్పుడో ఒకసారి పెడితే ఏం కాదు. వారాల తరబడి అదే పెడితే నరాలు దెబ్బతింటాయి. గవ్వ పెద్దది, దానికి ముందు తగిలింది. మిరియం వంతు తర్వాత."

"బతుకుతుందా?"

"ఇవాళ మొదలుపెడితే బతకొచ్చు. మూర్ఛ వచ్చేదాకా ఆగితే చెప్పలేను. నెత్తళ్ళు ఆపెయ్. తప్పకపోతే ఉడికించి ముళ్ళు తీసి పెట్టు, ఉడికితే ఆ గుణం పోతుంది. బాతు మాంసం, గుండె, కార్జం కావాలి. ముందుగా బి విటమిన్ మాత్రలు కావాలి. నేను పంపితే పడవ వచ్చేది ఎప్పటికో. మంచె మీద ఎవరైనా కాళ్ళ తిమ్మిర్లకి మాత్రలు వేసుకుంటున్నారేమో చూడు."

నాకు తెలిసి అలా వేసుకునేది ఒక్కరే. తిరపతమ్మ అత్త.


కృత్తిక కార్తె, అదే సాయంత్రం

అత్త ఒక్కతే ఉంది. చెప్పాను. మాత్రల సంగతి, బాతుల సంగతి రెండూ దాచకుండా చెప్పాను. అందరి చేతా నిచ్చెన ఎక్కించి, అన్నాలు మాడ్చిన మర్నాడే వాళ్ళింటికి అడుక్కోవడానికి వెళ్ళడం ఎంత కష్టమో రాయలేను.

అత్త కాళ్ళు చాపుకుని పాదాలు రుద్దుకుంటూ వింది. "ఇది వేసుకోకపోతే నాకూ అంతేనే. నేల ఎక్కడుందో కాళ్ళకి తెలీదు. అయ్యో, దానికీ అలాగే ఉందా?"

ట్రంకు పెట్టె తీసి ఎర్ర మాత్రల అట్టలు నా ఒళ్ళో పోసింది. తనకి ఒకటి ఉంచుకుంది.

"మరి నీకో అత్తా?"

"పడవ వచ్చేదాకా గోడ పట్టుకు నడుస్తాలే. అది పట్టుకోవడానికి దానికి చేతుల్లేవుగా."

వెనకనించి మావయ్య వచ్చాడు. ఎంత విన్నాడో తెలీదు. అత్త ఆయన్ని చూసి గొంతు తగ్గించలేదు. "గుడ్డు పెట్టని బాతులు నాలుగున్నాయి కదా. ఒకటి కోసి ఇవ్వు."

"తిరపతా, నిన్న ఏం జరిగిందో..."

"నిన్న నేను పసిదాన్ని ఎత్తుకుని పైకెక్కాను. ఆ గంట మన కోసం కొట్టింది కాదా? ఆ కుక్క జబ్బుతో ఉండి కూడా మన కోసమే మొరిగింది కాదా? రెండేళ్ళ కిందట అది మొరగబట్టే మన కోడలు బతికింది. ఆ బాతులు బతికించాయా?"

మావయ్య తలుపు దగ్గరనుంచే బయటికి వెళ్ళిపోయాడు. నేను లేచి వచ్చేశాను. మాత్ర నలిపి, గుడ్డుసొనలో కలిపి గవ్వ నాలుక మీద వేలితో రాశాను. సగం కారిపోయింది. మళ్ళీ రాశాను.

చీకటి పడకముందే మావయ్య వచ్చాడు. చేతిలో ఆకు పొట్లం. విప్పితే గుండె, కార్జం, మెడ, రెక్కలు వేరువేరుగా కోసి ఉన్నాయి.

"ఎముక ఉడికించలేదు," అన్నాడు. "ఉడికించొద్దన్నారటగా."

గవ్వ ముందు తానే చతికిలబడి కార్జం ముక్క చేతిలో పట్టుకున్నాడు. మరో చెయ్యి వెనక్కి దాచుకున్నాడు, కరుస్తుందేమోనని. గవ్వ తల ఊగుతూ ఉంది. రెండుసార్లు గురి తప్పి, మూడోసారి ఆ ముక్కని పళ్ళు తగలనీయకుండా పెదాలతో తీసుకుంది. మావయ్య ఖాళీ చేతిని అలా చాచే ఉంచాడు.


రోహిణి కార్తె మొదట్లో

బుడగ మెడ రెండు రోజుల్లో నిలబడింది. గవ్వకి కొంచెం ఎక్కువ పట్టింది. ముందు తిండి తిన్నది, తర్వాత నిలబడింది, ఆ తర్వాత తిన్నగా నడిచింది. నిన్న బల్ల ఎక్కింది. వెనక్కాలు ఒకటి ఇంకా ఈడుస్తోంది. అది పూర్తిగా పోకపోవచ్చని డాక్టరమ్మ అన్నారు.

ఇప్పుడు పెట్టే పద్ధతి ఇది, నా తర్వాత వచ్చేవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఎక్కువ భాగం మాంసం, పెద్ద చేప. మొయ్య, పండుగప్ప మంచివి. ఎముక కొద్దిగా. కార్జం ఇంకా కొద్దిగా, ఎక్కువైతే అదీ చెరుపే. ఒకటే రకం మాత్రం పెట్టొద్దు, అవి ఎంత ఇష్టంగా తిన్నా సరే.

జనం మాత్రం గవ్వని దూరంనుంచే చూస్తున్నారు. మావయ్య తన మాట వెనక్కి తీసుకోలేదు. యంత్రం కూస్తేనే గంట.


రోహిణి కార్తె, గాలి ఆగిన రోజు

ఇప్పుడు అంతా అయిపోయింది. పై అరుగు మీదే కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నించీ ఆకు కదల్లేదు. బాతులు కూడా అరవలేదు. గవ్వ పడుకున్నదల్లా తల ఎత్తింది, లేచింది, కింది అరుగు అంచుకి వెళ్ళి మొరిగింది. మిరియం లేచాడు. ఈసారి పడుకోలేదు. బుడగ వచ్చి పక్కన నిలబడింది. మూడూ మొరిగాయి.

యంత్రాలు నిశ్శబ్దం.

నేను పైఅరుగు మీద తాడు దగ్గరున్నాను. కింద మావయ్య బాతుల దగ్గరున్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. నా చెయ్యి తాడు మీద ఉంది. కొట్టేసేదాన్నే. కానీ కొడితే ఎక్కుతారా? కింద పనిలో ఉన్నవాళ్ళంతా గంట వైపు కాదు, మావయ్య వైపు చూస్తున్నారు.

మావయ్య గవ్వని చూశాడు. అది కాలు ఈడ్చుకుంటూ నిచ్చెన దాకా వచ్చి, మళ్ళీ అంచుకి వెళ్ళి మొరుగుతోంది.

"కొట్టవే!" అని అరిచాడు. "ఏం చూస్తున్నావు? కొట్టు!"

కొట్టాను. మావయ్యే తిరపతమ్మ అత్తని వీపున వేసుకున్నాడు. అత్తకి మాత్రల్లేక పాదాలు మొద్దుబారి ఉన్నాయి, తనంతట తాను ఎక్కలేదు. పసిదాన్ని ఎవరో అందుకున్నారు. కుక్కలు మూడూ బల్ల మీదుగా ఎక్కాయి. చివరివాళ్ళు నిచ్చెన సగంలో ఉండగా యంత్రాలు రెండూ ఒక్కసారిగా కూశాయి. ఆవిరి అప్పటికే అరుగు చెక్కల మధ్యనుంచి వస్తోంది. కుళ్ళిన గుడ్ల వాసన మా దాకా వచ్చింది.

మావయ్య అత్తని దించి మళ్ళీ నిచ్చెన మీద కాలు పెట్టాడు. "బాతులు," అన్నాడు. నేనూ ఇంకొకతనూ పట్టుకుని ఆపాం. పెనుగులాడాడు. తర్వాత ఆగాడు.

బాతులు కాసేపు రెక్కలు కొట్టుకున్నాయి. తర్వాత చప్పుడు లేదు. మావయ్య అరుగు అంచున కమ్మీలు పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ ఆయన దగ్గరికి వెళ్ళలేదు. గవ్వ వెళ్ళింది. పక్కన కూర్చుంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు, పొమ్మనీ అనలేదు.

మనుషులం అందరం ఉన్నాం. పేరుపేరునా పిలిచి చూసుకున్నాం.


మృగశిర కార్తె

వాన పడింది. గాలి వీస్తోంది. చచ్చిన బాతుల్ని దూరంగా తీసుకెళ్ళి నీళ్ళలో వదిలాం. మిరియం పడవ వెంట ఈదబోతే బెత్తం చూపించాల్సి వచ్చింది. ఆవిరికి చచ్చినదాని మాంసం వాడికి పనికిరాదు.

ఇప్పుడు కుక్కలకి మొయ్య చేపలే దిక్కు, రోజుకో గుడ్డు రెండో మంచె నుంచి ఇస్తున్నారు. డాక్టరమ్మ మాత్రలు పడవలో పంపారు. సగం అత్తకి, సగం గవ్వకి. అత్త గోడ వదిలి నడుస్తోంది.

ఇవాళ పొద్దున మావయ్య రెండో మంచెకి బయల్దేరాడు, బాతుపిల్లల కోసం. ఖాళీ గంపలు పడవలో సర్దుకుని, తాడు విప్పబోయి ఆగి నన్ను కేకేశాడు. వానలో తడుస్తూ వెళ్ళాను.

"మన ఇళ్ళకి ఎన్ని కావాలో నాకు తెలుసు," అన్నాడు. "ఈ ముగ్గురి తిండికి ఎన్ని పెంచాలో చెప్పు."

ఏడాది పొడుగునా లెక్కేసి చెప్పాను. కాస్త తగ్గించే చెప్పాను.

మావయ్య నావైపు అనుమానంగా చూశాడు. ఇంకో గంప పడవలో వేసుకుని తెడ్డు అందుకున్నాడు.